ఊ అనని చోటు

నాగూరమ్మకు ఒక కథ మీద కోపం వచ్చింది.

మనిషి మీద కోపం వస్తే తిట్టవచ్చు. ఎదురుపడితే తల తిప్పుకుని పోవచ్చు. కథ మీద కోపం వస్తే ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. నాలుగు రోజులు పళ్లు కొరుక్కుని, ఐదో రోజు పొద్దున్నే వెళ్లి ఖాదరమ్మవ్వ ముందు నిలబడింది.

"అవ్వా, ఆ కథను ఊళ్లో లేకుండా చేయాల."

అవ్వ దూది ఏకుతూ ఉంది. వింటి నారి మీద దెబ్బ పడినప్పుడల్లా దూది ఎగిరి ఆమె కనుబొమల మీద వాలుతోంది.

ఖాదరమ్మ దూదేకుల మనిషి. హంద్రి ఏటి ఒడ్డున ఊరి చివర ఆమె దూది కొట్టం. వయసులో ఉన్నప్పుడు ఒక ఫకీరు వెంట పన్నెండేళ్లు తిరిగింది. ఆయన దగ్గర ఏం నేర్చుకుందో ఎవరికీ చెప్పకుండా తిరిగొచ్చి, మళ్లీ విల్లు పట్టుకుంది. తాయెత్తులు కట్టదు. నెమలీకలు ఊపదు. అయినా జనం వస్తారు. అణిగిపోయిన పరుపు విప్పి దూది ఏకించుకుంటారు, మాటల్లో మాటగా మనసులోది చెప్పుకుంటారు. వెళ్లేటప్పుడు రెండూ కొంచెం తేలికవుతాయి.

నాగూరమ్మ పదేళ్లుగా ఆమె శిష్యురాలు. చురుకైన మనిషి. తనకు తప్పనిపించినదాన్ని ఎంత పెద్దవాడి ముందైనా తప్పని చెప్పగలదు. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

"ఏ కథ?" అంది అవ్వ, తెలియనట్టు.

"ఇంకే కథ? పుల్లన్న చెప్పిన కథ. దాని ఫలం లోపల కూర్చోనుంది కదా."

లోపల, దూది మూటల వెనక, సుంకి కూర్చుని ఉంది. ఆమె మెడ చుట్టూ ఎర్రగా కమిలిన గీత ఉంది. ఐదు రోజులుగా ఆమె ఆ కొట్టంలోనే ఉంటోంది. పెట్టింది తింటోంది. అడిగితే ఒక మాట చెబుతోంది.

జరిగింది ఇది.

వేరుశనగ కాయలు ఒలిచే రోజుల్లో ఊరిపెద్ద ఓబులేసు వాకిట్లో ఊరు ఊరంతా చేరుతుంది. వేళ్లు ఆడుతూ ఉండటానికి కథలు చెప్పేవాణ్ని పిలిపిస్తారు. పుల్లన్న నలభై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి కథలు చెబుతున్నాడు. ఆ సీమలో కథ చెప్పాలంటే ఎదురుగా పీట వేసి, ఊ కొట్టే మనిషిని కూర్చోబెట్టాలి. చెప్పేవాడు ఒక మాట చెప్పి ఆగుతాడు. పీట మీది మనిషి ఊ అంటే చుట్టూ ఉన్నవాళ్లూ ఊ అంటారు. అప్పుడే తర్వాతి మాట. ఊ పడకపోతే కథ ముందుకు నడవకూడదు. అది కథలవాళ్ల కట్టుబాటు.

ఆ పీట మీద ఎప్పుడూ నాగూరమ్మే. ఏడుపు దగ్గర సాగదీసి, పోట్లాట దగ్గర కత్తిరించి, నవ్వు దగ్గర గమ్మత్తుగా పైకి లేపి, ఆమె కొట్టే ఊ కోసమే కథ వినే వాళ్లుండేవారు.

ఆ రోజు పుల్లన్న చెప్పింది ఎదురు మాట్లాడే పెళ్లాం కథ. మాటకు మాట చెప్పే పెళ్లాన్ని మొగుడు పశువుల కొట్టంలోకి ఈడ్చుకుపోయి, ఎద్దును కట్టే పలుపు మెడకు వేసి కట్టేస్తాడు. ముందు గడ్డి పడేస్తాడు. "అంబా అను, విప్పుతా" అంటాడు. ఆమె అననంటుంది. మూడో రోజు అంటుంది. పుల్లన్న ఆ అంబాను మూడు రకాలుగా అరిచి చూపిస్తాడు. జనం కడుపు పట్టుకుని నవ్వుతారు.

ఆ రోజూ నవ్వారు.

నాలుగు రోజుల తర్వాత మద్దిలేటి అనేవాడు తన పెళ్లాం సుంకిని పశువుల కొట్టంలో పలుపుతో కట్టేశాడు. ముందు గడ్డి పడేశాడు. పొద్దుగూకే వేళకు ఆమె పలుపు విప్పుకుని, ఊరిమధ్య నుంచి నడుచుకుంటూ దూది కొట్టానికి వచ్చింది. దారిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు వెంటబడి అంబా అన్నారు. ఇప్పటికీ కొట్టం ముందు నుంచి పోతూ ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు.

"కథలకు బలం ఉండాదంటావా లేదా అవ్వా?" అంది నాగూరమ్మ.

"ఉండాది."

"మరి చెడ్డ కథకు?"

"దానికీ ఉండాది."

"అయితే నేను చావిడికి పోయి పెద్దల్ని అడుగుతా. ఈ ఊళ్లో ఆ కథ ఎవరూ చెప్పకూడదని, పుల్లన్న రాకూడదని."

అవ్వ విల్లు పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూసింది. వద్దంటుందేమోనని నాగూరమ్మ జవాబు కూడా సిద్ధం చేసుకుంది.

"పోయిరా అమ్మీ," అంది అవ్వ.

చావిడిలో నాగూరమ్మ బాగా మాట్లాడింది. అంత బాగా మాట్లాడగలనని ఆమెకే తెలియదు.

"మద్దిలేటి ఇంట్లో తరతరాలుగా పశువులుండాయి. పలుపులుండాయి. ఎప్పుడైనా ఎవరైనా ఆడమనిషి మెడకు పలుపేసినారా? లేదు. మరి ఈ బుద్ధి యాడనుంచి వచ్చింది? కథ నేర్పింది. కథ చెప్పినట్టల్లా చేసినాడు, గడ్డితో సహా. విషం అమ్మేవాణ్ని ఊళ్లో తిరగనిస్తామా? ఇదీ అంతే. కట్టేసింది ఆ కథ!"

"నిజమే," అన్నాడు ఓబులేసు.

ఆడమనిషి చెప్పిన మాటకు ఓబులేసు అంత తొందరగా తలూపడం ఆ చావిడి ఎప్పుడూ చూడలేదు. అక్కడే నాగూరమ్మకు అనుమానం రావాల్సింది.

మద్దిలేటి తువ్వాలుతో కళ్లొత్తుకుంటూ లేచాడు. "అక్క చెప్పింది అచ్చం నిజం సామీ. నేను ఎట్లాంటోన్నో మీకు తెలీదా? ఆ కథ విన్నప్పటి నుంచి తలకాయలో అదే తిరుగుతాండె. చెయ్యి నాదే గానీ, చేయించింది అది."

"పాపం, వాడేం చేస్తాడు," అన్నారెవరో వెనక నుంచి.

"విన్నావు కదమ్మా," అన్నాడు ఓబులేసు. "ఇంక పుల్లన్న ఈ ఊరి పొలిమేర తొక్కకూడదు. ఆ కథ ఎవరూ చెప్పకూడదు. సుంకి ఎల్లుండికి మొగునింటికి పోవాల."

నాగూరమ్మ తెల్లబోయింది. "మద్దిలేటికి శిక్ష?"

"ఏంటికి శిక్ష? తప్పు కథదని నువ్వే అంటివి కదా."

నాగూరమ్మ మద్దిలేటి వైపు తిరిగింది. తన మాటే తిరిగొచ్చి ఎదురుగా నిలబడింది, మద్దిలేటి తువ్వాలు కప్పుకుని.

"ఇంకో సంగతి," అన్నాడు ఓబులేసు. ఈసారి ఆయన గొంతులో హుషారు వచ్చింది. "కథలు ఇంత పని చేస్తాయని మాకు ఇన్నాళ్లూ తెలీలేదు. అట్లయితే మీ ఆడోళ్లు తిరగలి విసురుకుంటా చెప్పుకునే కథల సంగతేంది? అత్త వండిన కూడు అత్తకే పెట్టిన కోడలి కథ. పెండ్లిపీటల మీంచి లేచిపోయిన పిల్ల కథ. కడవ ఏటి ఒడ్డున పెట్టి అవతలికి దాటిపోయిందే, ఆమె కథ. అవి విని ఎంతమంది చెడిపోతాండారో! అవి కూడా వద్దు."

పెద్దలు తలా ఒకటి గుర్తు చేశారు. మొత్తం ఏడు కథలు తేలాయి. ఒకటి పుల్లన్నది. ఆరు ఆడవాళ్లవి.

నాగూరమ్మ ఒక్కదాని కోసం కూడా నోరు విప్పలేకపోయింది. కడవ ఒడ్డున పెట్టి ఏరు దాటిపోయిన కోడలి కథ విన్న వారానికే, పదేళ్ల కిందట, ఆమె తన కడవ హంద్రి ఒడ్డున పెట్టి ఇవతలికి దాటింది. ఆ కథ లేకపోతే ఆమె లేదు. ఆ సంగతి అవ్వకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరు మొదట చెప్పారో తెలియని ఆ కథకు ఆమె ప్రతి శుక్రవారం మనసులో దండం పెట్టుకుంటుంది.

ఆమె కొట్టానికి తిరిగొచ్చి జరిగిందంతా చెప్పింది. అవ్వ విన్నది. మూటల వెనక నుంచి సుంకి కూడా విన్నది.

"ఎల్లుండా?" అంది సుంకి.

నాగూరమ్మ తల దించుకుంది.

"అక్కా, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు," అంది సుంకి. ఐదు రోజుల్లో ఆమె తనంతట తాను మాట్లాడటం అదే మొదలు. "ఆ కథ నేనూ విన్నా కదా ఆ పొద్దు. నీ వెనకాలే కూర్చోనుంటి. మెడకు పలుపేసినాడు అన్నప్పుడు నువ్వు కొట్టిన ఊ ఎంత బాగుండె! అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. మా ఆయన ఒకసారి చుట్టూ చూసినాడు. అందరి మొగాలూ చూసినాడు. ఆఖర్లో నీ మొగం చూసినాడు. నువ్వైతే ఇట్లాంటివి ఒప్పుకోవు కదా, అందుకని చూసినాడేమో. నువ్వు కూడా ఊ కొడతాండావు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. వాన పడిందని చెప్పినట్టు చెప్పింది. అందుకే నాగూరమ్మకు నిలబడటం కష్టమైంది.

"నేను... కథ కదా అని," అంది చివరికి. "ఊ ఆపితే కథ ఆగిపోతాది. పీట మీద కూర్చున్నాక ఆపకూడదు కదా."

ఆ జవాబు ఎంత పేలవంగా ఉందో ఆమెకే వినపడింది.

అవ్వ పక్కన చతికిలబడి అడిగింది. "అవ్వా, ఇప్పుడేం చేయాల?"

"పక్క ఊళ్లో పుల్లన్న ఉండాడు. పిలుచుకురా. రేపు మధ్యాహ్నం మన వాకిట్లో కథ చెప్పాల."

"ఏ కథ?"

"అదే కథ."

నాగూరమ్మ అదిరిపడింది. "సుంకి వినేటట్టా?"

అవ్వ మూటల వైపు తిరిగింది. "సుంకీ, వింటావా? నువ్వు వద్దంటే వద్దు."

సుంకి మెడ మీది గీతను వేళ్లతో తడుముకుంది. "నువ్వుంటావా అవ్వా?"

"పీట మీద నేనే కూర్చుంటా."

"అయితే చెప్పనీ," అంది సుంకి.

మరుసటి రోజు మధ్యాహ్నానికి దూది కొట్టం వాకిలి నిండిపోయింది. వద్దన్న కథ కాబట్టి, అంతకు ముందు దాని మొహం చూడని వాళ్లు కూడా వచ్చారు. రోజూ తలుపు చాటున ఉండే ముసలమ్మలు వచ్చారు. వద్దని చెప్పిన ఓబులేసు అందరికంటే ముందు వచ్చి, నీడ చూసుకుని కూర్చున్నాడు.

"నా మాట కాదని కథ పెట్టిస్తాండావు అవ్వా," అన్నాడు.

"నువ్వు విన్నాక వద్దంటే ఆపేస్తాలే అప్పా. కూర్చో."

మద్దిలేటి కూడా వచ్చాడు. రేపు పెళ్లాం ఇంటికి వస్తుందన్న ధీమా అతని నడకలో కనబడుతోంది. నలుగురు స్నేహితుల మధ్య చేరగిలబడ్డాడు.

సుంకి గడప మీద కూర్చుంది. నాగూరమ్మ ఆమె పక్కన కూర్చోవాలనుకుంది. ధైర్యం చాలక రెండడుగుల దూరంలో కూర్చుంది. ఆడవాళ్ల ముందు వేరుశనగ కాయల గంపలు పెట్టారు. కాయలు చిట్లే చప్పుడు మొదలైంది.

పుల్లన్న బెదిరిపోయి ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఒక కన్ను మసక. దారిలోనే నాగూరమ్మ అతనికి సంగతంతా చెప్పింది.

"అవ్వా, నేను ఎవురికీ చెడు చేయాలని చెప్పలేదు. మా నాయన చెప్పినాడు, నేను చెప్తాండా. నవ్వుతారు గదా అని..."

"తెలుసు పుల్లన్నా. ఎప్పుడూ చెప్పేటట్టే చెప్పు. ఏమీ మార్చొద్దు."

అవ్వ పీట మీద కూర్చుని జనం వైపు తిరిగింది. "ఊ అనాలనిపిస్తే అనండి. అనాలనిపించకుంటే అనొద్దు. బలవంతం లేదు," అని మళ్లీ పుల్లన్న వైపు తిరిగింది.

"అనగనగా ఒక ఊళ్లో ఒక సేద్యగాడు," అన్నాడు పుల్లన్న.

"ఊ," అంది అవ్వ. అందరూ ఊ అన్నారు.

"వానికొక పెండ్లాం. చూసేదానికి చిలకే, మాట్లాడితే మాటకు మాట."

"ఊ."

"కూట్లో ఉప్పు తక్కువైందంటే, పొలంలో పంట తక్కువైంది కదా అంటాది."

"ఊ," అంది అవ్వ గట్టిగా. ఆడవాళ్లు నవ్వారు. పుల్లన్నకు ప్రాణం లేచొచ్చింది. గొంతు కుదిరింది. చేతులు ఆడించడం మొదలుపెట్టాడు. పెళ్లాం మాటలు పెళ్లాంలా, మొగుడి మాటలు మొగుడిలా అంటున్నాడు. మంచి కథకుడు. ఆ మాట కాదనడానికి లేదు.

"ఒకనాడు వానికి రోషమొచ్చె. ఎద్దు మెడలో పలుపు విప్పినాడు."

"ఊ," అంది అవ్వ.

"ఆ పలుపు తెచ్చి పెండ్లాం మెడకేసినాడు."

అవ్వ ఏమీ అనలేదు.

పుల్లన్న ఆగాడు. వినపడలేదేమో అనుకున్నాడు. కొంచెం గొంతు పెంచి మళ్లీ అన్నాడు. "ఎద్దు పలుపు తెచ్చి, పెండ్లాం మెడకేసినాడు."

ఏమీ లేదు.

అలవాటుకొద్దీ అతని చూపు నాగూరమ్మ వైపు తిరిగింది. ఆమె పెదవులు వాటంతటవే విడిపోయాయి. పదేళ్ల అలవాటు. శబ్దం గొంతు దాకా వచ్చేసింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా నొక్కుకుంది.

"అవ్వా, కునుకు పట్టిందా ఏంది?" అన్నాడు పుల్లన్న, నవ్వించబోతూ.

"లేదు నాయనా. మేలుకొనే ఉండా. వింటాండా. నువ్వు చెప్పు, నీ నోరు నీది."

"మరి ఊ?"

"అది నాది."

కాయలు చిట్లే చప్పుడు ఒక్కొక్క గంప దగ్గరా ఆగిపోయింది. ఒక ముసలమ్మ తన చేతిలోని కాయను చూసుకుంటూ ఉండిపోయింది. ఎవరో మగవాడు దగ్గాడు. ఇంకెవరో ఊ అనబోయి, పక్కనున్న పెళ్లాన్ని చూసి ఆవులింతగా మార్చుకున్నాడు.

వాకిట్లో ఉన్నవాళ్లందరికీ ఆ మాట ఒక్కటే మిగిలింది. పెండ్లాం మెడకేసినాడు. నవ్వు దాని మీదుగా ఎప్పుడూ పరుగెత్తుకుని పోయేది. ఈ రోజు దాని ముందర నిలబడిపోయారు. కొందరు గడప వైపు చూసి, సుంకి మెడ చూసి, కళ్లు దించుకున్నారు.

"ఊ!" అన్నాడు మద్దిలేటి.

తర్వాత వచ్చే అంబా కోసం అతను చాలాసేపటి నుంచి కాచుకుని ఉన్నాడు. ఇంత జాప్యం ఎందుకో అతనికి అర్థం కాలేదు. అందుకే గట్టిగా అన్నాడు. అన్న తర్వాత తెలిసింది, అన్నది తానొక్కడేనని.

ఊరు ఊరంతా తల తిప్పి అతని వైపు చూసింది. చేరగిలబడిన స్నేహితులు కొంచెం పక్కకు జరిగారు. అతను నవ్వబోయాడు. తోడు నవ్వేవాళ్లు లేక ఆ నవ్వు మొహం మీద ఎటూ పోలేక ఉండిపోయింది. తువ్వాలు తీసుకున్నాడు గానీ, ఈసారి కళ్లొత్తుకోవడానికి చెయ్యి లేవలేదు.

అవ్వ పీట మీది నుంచి లేవకుండానే అంది.

"ఓబులేసూ, ఇంతమందికీ ఒకటే కథ వినపడింది కదా? పలుపు పట్టింది ఎంతమంది?"

పెద్దరికం అనేది నలుగురి ముందు నిలబెట్టుకునేది. నలుగురు ఎటు ఉన్నారో ఓబులేసు చూశాడు. అందులో తన పెళ్లాం కూడా ఉంది. ఆమె చేతులు కూడా ఒలవడం మానేసి ఉన్నాయి.

"మద్దిలేటీ, లేయ్," అన్నాడు. "నీ కొట్టంలో ఉండే ఆవు సుంకి పుట్టింటిది. నువ్వే నీ చేత్తో పట్టుకుని, వీధి మధ్యలో నడిపించుకుంటా తెచ్చి ఈడ కట్టాల. సుంకి రమ్మనేదాకా ఈ గడప తొక్కొద్దు. రమ్మనకపోతే అడగొద్దు."

"సామీ, కథ..."

"కథ నీ పేరు చెప్పలేదు రా. పోయి ఆవును తీసుకురా."

అదేమంత పెద్ద శిక్ష కాదు. అయితే అది కథకు కాక మనిషికి పడింది. ఆ ఊళ్లో అది కొత్త.

మద్దిలేటి వెళ్లాక ఓబులేసు గొంతు తగ్గించాడు. "మరి ఆ ఆరు కథల సంగతేందవ్వా?"

"చెప్పుకోనీ. నువ్వూ వచ్చి విను. నచ్చని చోట ఊ అనొద్దు."

"నేనొక్కణ్నే అనకుండా ఉంటే?"

"కథ ఆగదు. నువ్వు అనలేదని అందరికీ తెలుస్తాది. అదేం తక్కువ?"

ఆయన మీసం కింద ఏదో గొణుక్కున్నాడు. ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతవరకూ బిగుసుకుపోయిన వాకిలి కొంచెం వదులైంది.

పుల్లన్న మాత్రం నిలబడ్డ చోటే ఉన్నాడు.

"నన్ను పొమ్మంటే పోతా అవ్వా. కానీ కథ మధ్యలో ఉండాది. సగంలో ఆపి పోతే మాకు పాపం. కథలో ఆ పిల్ల ఆడనే కట్టేసే ఉంటాది. మీరు ఊ అనరు. నేను విప్పలేను. ఏం చేయాలో చెప్పు."

అవ్వ గడప వైపు చూసింది.

"తాతా," అంది గడప మీది నుంచి సుంకి. "ఆ మూడు రోజులూ ఆమె ఆడ ఏం చూసిందో చెప్పు."

పుల్లన్న ఆమె వైపు తిరిగి, మసక కంటిని చిట్లించి చూశాడు. మెడ మీది గీత ఆ కంటికి కూడా ఆనింది. "నాకు తెలీదు తల్లీ. మా నాయన చెప్పలేదు. ఆయనకూ తెలీదు. మమ్మల్ని ఎవరూ కట్టేయలేదు కదా."

"నాకు తెలుసు," అంది సుంకి.

అవ్వ పీట మీది నుంచి లేచింది. పుల్లన్న కాసేపు అర్థం కానట్టు ఖాళీ పీట వైపు చూశాడు. తర్వాత నడిచొచ్చి, గడప వైపు తిరిగి, దాని మీద కూర్చున్నాడు. నలభై ఏళ్లలో ఆ పీట మీద అతను కూర్చోవడం అదే మొదటిసారి.

సుంకికి కథ చెప్పడం రాదు. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి. గొంతు పక్కవాళ్లకే వినపడేంత చిన్నది. జనం ముందుకు జరిగారు.

"పలుపు ఒరుసుకుంటాది," అంది. "కూర్చుంటే ఎక్కువ, నిలబడితే తక్కువ. అందుకని ఆమె నిలబడే ఉండె."

"ఊ, తల్లీ," అన్నాడు పుల్లన్న.

"పక్కనే ఆవు ఉండె. దాని గడ్డి అది తినింది. నా ముందరేసిన గడ్డి కూడా అదే తినింది."

'ఆమె' అన్నది 'నా' అయిపోయిందని ఎవరూ దిద్దలేదు. ఆవు తిన్నదన్నప్పుడు ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు ఎవరినీ కొట్టేది కాదు. సుంకి కూడా కొంచెం నవ్వింది.

"ఊ."

"వీధిలో పోతా నలుగురు చూసినారు. ఒకరు ఆగి, తలుపు దగ్గరికి వేసి పోయినారు. అందులో ఇద్దరు ఇప్పుడు ఈడ కూర్చోనుండారు."

ఊ పడలేదు. సుంకి ఆగింది. కథ అక్కడితో ఆగిపోతుందేమో అనిపించింది.

గడపకు రెండడుగుల దూరంలో కూర్చున్న నాగూరమ్మ ఆ మాటను చివరిదాకా విన్నది. విని, జరిగి వచ్చి, సుంకి భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

"ఊ," అంది. బొంగురు గొంతుతో, ఆలస్యంగా.

సుంకి ముందుకు పోయింది.

"పగలు మూడో జాము దాకా ఏడుస్తానే ఉండా. తర్వాత ఆ ముడి దిక్కు చూసినా. పశువుకేసే ముడి అది. పశువుకు చేతులుండవు కాబట్టి ఆ ముడి చాలు. నాకు చేతులుండాయి కదా అని అప్పుడు గుర్తొచ్చె. అంతసేపూ గుర్తు రాలేదు."

"ఊ," అన్నాడు పుల్లన్న. అన్న తర్వాత మొహం తుడుచుకున్నాడు.

"విప్పుకున్నా. వచ్చేస్తి. అంతే."

అంతే అన్న తర్వాత కూడా ఎవరూ లేవలేదు. మద్దిలేటి ఆవును తెచ్చి, తల ఎత్తకుండా వాకిలి గుంజకు కట్టి వెళ్లిపోయాడు. సుంకి లేచి వెళ్లి దాని మెడ నిమిరింది. పలుపు కొంచెం వదులు చేసి కట్టింది.

ఎండ తగ్గాక జనం ఒక్కొక్కరే గంపలు ఎత్తుకుని వెళ్లారు. పోతూ పోతూ ఆడవాళ్లు సుంకి ముందు ఒక క్షణం ఆగి, దోసెడేసి వేరుశనగ పప్పు ఆమె కొంగులో పోశారు. ఓబులేసు పెళ్లాం రెండు దోసిళ్లు పోసింది.

పుల్లన్న తన జోలె భుజాన వేసుకుని సుంకి దగ్గరికి వచ్చాడు. ఆమె వయసు అతని మనవరాలి వయసు. అయినా వంగి, రెండు చేతులూ జోడించాడు.

"నలభై ఏండ్లుగా ఊరూరా ఆ ఆడమనిషిని కట్టేసి వస్తాండా తల్లీ. అందరూ ఊ అంటాండ్రి, బాగుందేమో అనుకుంటి. ఆగమని ఒక్కరూ చెప్పలేదు. నువ్వు విప్పినావు. నీకూ అవ్వకూ రుణపడి ఉంటా." కాస్త ఆగి అన్నాడు. "ఇంక ఆ పాత కథ నా నోట రాదు. నువ్వు చెప్పిందే చెప్పుకోనా?"

నాగూరమ్మ తలెత్తి చూసింది. నిన్న చావిడిలో ఆమె కోరుకున్నది అదే. ఆ కథ ఆ నోట మళ్లీ రాకూడదని.

సుంకి ఆలోచించింది.

"చెప్పు తాతా. పాతది కూడా చెప్పు. ముందు అది చెప్పి, తర్వాత నాది చెప్పు. అది చెప్పకుంటే, నేను దేన్ని విప్పుకున్నానో వినేవాళ్లకు ఎట్లా తెలుస్తాది?"

పుల్లన్న తలూపి, హంద్రి వైపు నడిచాడు.

లోపల అవ్వ అప్పటికే విల్లు అందుకుంది. నారి మోగింది. దూది పైకి లేచి, గడప దాటి, వాకిట్లోకి వచ్చి, ఆవు వీపు మీద, సుంకి జుట్టు మీద వాలింది.

ఆ రోజు శుక్రవారం కాకపోయినా నాగూరమ్మ చేతులు జోడించింది. ఎవరికని ఎవరూ అడగలేదు.